బడి గదిలో బ్యాలెట్ పెట్టె

పంచాయతీ ఎన్నికలొస్తే ఊళ్లో మాటంతా అభ్యర్థి ఎవరు, రిజర్వేషన్ ఎవరికి పడింది, ఎవరెంత పంచుతున్నారు అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. ఓటు ఎక్కడ వేయాలన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ‘బళ్లోనే కదా’ అనుకుంటారు. ఓటర్ల జాబితాలో పేరు గల్లంతైతే గొడవకు దిగే మనిషి కూడా ఎంపీడీవో ఆఫీసులో అంటించిన పోలింగ్ కేంద్రాల ముసాయిదా జాబితా ముందు ఆగడు. అసెంబ్లీ ఎన్నికల్లో ఈ నిర్లక్ష్యం వల్ల పెద్ద తేడా రాకపోవచ్చు. వార్డుకు రెండు వందల ఓట్లుండి, పదీ ఇరవై ఓట్లతో పదవి చేతులు మారే చోట మాత్రం పోలింగ్ గది ఏ వీధిలో ఉంది, ఎవరింటికి ఎంత దూరం, దాని గోడ మీద ఎవరి పేరుంది అన్నవి ఫలితాన్ని తాకే విషయాలే.

అనకాపల్లి జిల్లా రావికమతం మండలాన్ని ఉదాహరణగా పెట్టుకుని చూస్తే ఈ సమస్య రెండు ముఖాలూ కనిపిస్తాయి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా వచ్చేదాకా ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇప్పుడు నర్సీపట్నం రెవెన్యూ డివిజన్‌లో ఉంది, అసెంబ్లీకి చోడవరంలో ఓటేస్తుంది. ఒకపక్క భీమిలి–నర్సీపట్నం రోడ్డు, దాని పట్టునే కొత్తకోట లాంటి పెద్ద ఊళ్లు. ఇంకోపక్క కల్యాణపులోవ రిజర్వాయర్, కొండలు, వాటి మీద చలిసింగం లాంటి గిరిజన గూడేలు. ఈ గూడేలు అయిదో షెడ్యూల్ పరిధిలోకి రాని ‘నాన్ షెడ్యూల్డ్’ గ్రామాలు. చాలావరకు కింది ఊళ్ల పంచాయతీల్లోనే కలిసి ఉంటాయి. రోడ్డు పక్కన ఇల్లున్నవాడికి పోలింగ్ కేంద్రం అంటే అయిదు నిమిషాల పని. కొండ మీది మనిషికి అది ఒక పూట కూలి.

ప్రభుత్వ భవనమే ఎందుకు?

1951 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 25 పోలింగ్ కేంద్రాలు ఏర్పాటు చేసే బాధ్యతను జిల్లా ఎన్నికల అధికారికి అప్పగించింది. కేంద్ర ఎన్నికల సంఘం మార్గదర్శకాలు మిగతా వివరాలు చెబుతాయి. బడి గానీ మరో ప్రభుత్వ, అర్ధ ప్రభుత్వ భవనం గానీ మొదటి ఎంపిక. గది కనీసం 20 చదరపు మీటర్లుండాలి, కింది అంతస్తులో ఉండాలి, లోపలికి వెళ్లే దారీ బయటికొచ్చే దారీ వేరుగా ఉంటే మంచిది. ఓటరు రెండు కిలోమీటర్లకు మించి నడవకూడదు. పోలీస్ స్టేషన్‌లో, ఆసుపత్రిలో, గుడిలో, మతపరమైన ప్రాముఖ్యం ఉన్న మరే చోటా పోలింగ్ పెట్టకూడదు. ప్రభుత్వ భవనం దొరకనప్పుడే ప్రైవేటు భవనం వైపు చూడాలి. దాన్ని తాత్కాలికంగా స్వాధీనం చేసుకోవడానికి సెక్షన్ 160 అధికారం ఇస్తుంది, పరిహారం సెక్షన్ 161 కింద చెల్లించాలి.

స్థానిక ఎన్నికల యంత్రాంగం వేరు. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, 243కె అధికరణం ద్వారా పంచాయతీ ఎన్నికలను రాష్ట్ర ఎన్నికల సంఘానికి అప్పగించింది. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం దానికి రాష్ట్రంలో రూపమిచ్చింది. భవనాల విషయంలో మాత్రం రెండు సంఘాల ఆలోచనా ఒకటే: ఓటరు అడుగుపెట్టే చోటు ఎవరి సొంతమూ కాకూడదు. అభ్యర్థి బంధువు అరుగు మీదో, ఊరి పెద్ద రైస్ మిల్లులోనో పెట్టె పెడితే, అక్కడి కూలివాడు తలెత్తి లోపలికి రాగలడా? బడి అందరిదీ. అన్ని కులాల పిల్లలూ చదివే చోటు, అందరికీ దారి తెలిసిన చోటు. ప్రైవేటు భవనం కంటే ప్రభుత్వ భవనం మేలన్న వాదనకు అసలు బలం అద్దె ఆదా కావడంలో లేదు, ఇందులో ఉంది.

ఈ బలం ఎంతో తెలియాలంటే దానికి ఎదురుగా ఉన్న పద్ధతిని చూడాలి. చాలా ఊళ్లలో ఏకగ్రీవాల పేరుతో సర్పంచ్ పదవి రామాలయం అరుగు మీదే ఖాయమైపోతుంది. గుడి కట్టిస్తానన్నవాడికో, ఎక్కువ పాట పాడినవాడికో పదవి దక్కుతుంది. ఎన్నికల సంఘం హెచ్చరించినా వేలం పాటలు ఆగలేదు. ఆ అరుగు ఎక్కలేనివాళ్లకూ, ఎక్కినా నోరు విప్పలేనివాళ్లకూ బడి గదిలో అట్టతెర వెనక దొరికే అర నిమిషమే ఊరి రాజకీయంలో సొంత మాట.

స్థానిక ఎన్నికకు గదులెక్కువ కావాలి

అసెంబ్లీ ఎన్నికలో ఒక పోలింగ్ కేంద్రానికి వెయ్యిమందికి పైగా ఓటర్లుండొచ్చు. పంచాయతీ ఎన్నికలో లెక్క వార్డుతో మొదలవుతుంది. పంచాయతీ పరిమాణాన్ని బట్టి 5 నుంచి 21 వరకు వార్డులుంటాయి, ప్రతి వార్డుకూ పోలింగ్ ఏర్పాటు చేయాలి. 2021 ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతలుగా ఎన్నికలు జరిగినప్పుడు రాష్ట్రంలో 13 వేలకు పైగా పంచాయతీలు, లక్షకు పైగా వార్డులు ఉన్నాయి. హైస్కూలున్న పెద్ద ఊళ్లో పన్నెండు గదులు ఒకేచోట దొరుకుతాయి. రెండు గదుల ప్రాథమిక పాఠశాల ఉన్న ఊళ్లో మిగతావాటికి అంగన్‌వాడీ, సచివాలయం, రైతు సేవా కేంద్రం, కమ్యూనిటీ హాలు, చివరికి బడి వరండా కూడా వెతుక్కోవాలి. 2019 అక్టోబరు 2న మొదలైన సచివాలయాల వ్యవస్థ వల్ల కొత్త భవనాలు కొన్ని వచ్చిన మాట నిజమే. అయితే అవి ఆఫీసు అవసరాలకు కట్టినవి. ఒక తలుపుండే చిన్న గదిలో లోపలికెళ్లేవాళ్లూ బయటికొచ్చేవాళ్లూ ఒకరినొకరు నెట్టుకోవాల్సిందే.

పోలింగ్ ముందురోజు సాయంత్రం ఏ బడికి వెళ్లినా ఒకే దృశ్యం. మండల కేంద్రంలో సామగ్రి తీసుకున్న సిబ్బంది బస్సు దిగుతారు. ఇనుప పెట్టె, సీళ్లు, ఓటర్ల జాబితా, చెరగని సిరా, స్వస్తిక్ ముద్ర ఉన్న రబ్బరు స్టాంపు, సర్పంచ్‌కు గులాబీ రంగు, వార్డుకు తెల్ల రంగు బ్యాలెట్ కాగితాలు అన్నీ సరిచూసుకుంటారు. బల్లలు గోడవారకు జరిపి, ఎక్కాలు రాసి ఉన్న నల్లబల్ల మీద ఓ మూల వార్డు నంబరు వేస్తారు. బయట సున్నంతో గీత గీస్తారు. తాళం ఎవరి దగ్గరుంది, మరుగుదొడ్డిలో నీళ్లొస్తున్నాయా, ఫ్యాను తిరుగుతుందా, రాత్రి భోజనం ఎవరు వండుతారు అన్న వెతుకులాట మొదలవుతుంది. చివరికి మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్లే పొయ్యి వెలిగిస్తారు. మర్నాడు ఉదయం ఆరున్నరకు పోలింగ్ మొదలవ్వాలి. రాష్ట్ర ఎన్నికల సంఘం పేరుతో జరిగే ఎన్నిక ఆ రాత్రికి హెడ్‌మాస్టరు, అటెండరు, వంటమనిషి చేతుల మీదుగానే నడుస్తుంది.

గోడల మీద రంగు, శిలాఫలకం మీద పేరు

ప్రభుత్వ భవనం ఎవరి సొంతమూ కాదన్న మాటకు మన రాష్ట్రంలోనే పెద్ద పరీక్ష ఎదురైంది. పంచాయతీ భవనాలకు అప్పటి అధికార పార్టీ జెండాను గుర్తుచేసే రంగులు వేయడాన్ని గుంటూరు జిల్లా వాసి ఒకరు హైకోర్టులో సవాలు చేశారు. 2020 మార్చి 10న హైకోర్టు ఆ రంగులు తీసేయమంది. మార్చి 23న సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వ అప్పీలును కొట్టేసింది. ఆ రంగులకు మట్టిరంగు ఒకటి జతచేస్తూ ప్రభుత్వం తెచ్చిన జీవో 623ను మే 22న హైకోర్టు రద్దు చేసింది. జూన్ 3న సుప్రీంకోర్టు రంగులు మార్చడానికి నాలుగు వారాల గడువిచ్చింది. స్థానిక ఎన్నికలు ముంగిట ఉన్నాయి కాబట్టే ఆ కేసుకు అంత పదును వచ్చింది. ఓటేసే గదికి ఒక పార్టీ రంగు పూస్తే, గేటు బయట ప్రచారాన్ని నిషేధించి ఏం లాభం?

రంగు పోయినా పేరు మిగులుతుంది. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులుండవు. మనిషిని చూసి వేసే ఓటు అది. అలాంటప్పుడు పోటీలో ఉన్న పాత సర్పంచ్ పేరు శిలాఫలకం మీద బంగారు అక్షరాల్లో మెరుస్తున్న పంచాయతీ ఆఫీసులో పెట్టె పెట్టడం, ఆడపెళ్లివారింట్లో పంచాయితీ పెట్టి మగపెళ్లివారిని న్యాయం అడగమన్నట్టే. ఫలకానికి కాగితం అంటించి సరిపెడుతున్నారు. మరో భవనం ఉన్నప్పుడు సర్పంచ్ ఎన్నికకు పంచాయతీ ఆఫీసును వదిలేయడమే మర్యాద.

గది ఓటరు మనసు మీద పనిచేస్తుందా అన్నదానికి అమెరికాలో ఒక ఆధారం దొరికింది. 2000లో అరిజోనా రాష్ట్రంలో విద్య కోసం అమ్మకం పన్నును 5 శాతం నుంచి 5.6 శాతానికి పెంచాలా వద్దా అని ప్రజలను ఓటడిగారు. బడుల్లో ఓటేసినవాళ్లు ఆ పెంపును ఇతర చోట్ల ఓటేసినవాళ్ల కంటే సుమారు రెండు శాతం ఎక్కువగా సమర్థించారని 2008లో వెలువడిన పరిశోధన తేల్చింది. మన ఊళ్లలో ఓటును కదిలించేవాటిలో కులం, డబ్బు, అప్పు, బంధుత్వం ముందుంటాయి. గోడల ప్రభావం అంతే ఉంటుందని చెప్పలేం. కానీ గెలుపోటముల తేడా వేళ్ల మీద లెక్కపెట్టేంత ఉన్నప్పుడు రెండు శాతాన్నీ తేలిగ్గా తీసుకోలేం.

ఏ వీధి బడి అన్నది ఇంకా లోతైన విషయం. మన ఊళ్లలో బడి పెద్దవీధిలో ఒకటి, ఎస్సీ కాలనీలో మరొకటి ఉండడం మామూలే. కాలనీవాళ్లు పెద్దవీధి దాటి ఓటుకు రావాలా, పెద్దవీధివాళ్లు కాలనీకి వెళ్లాలా? ఊరి పెద్దలు మొదటిదాన్నే సహజమనుకుంటారు. బలహీనవర్గాల ఓటర్లను దారిలో ఎవరూ అడ్డుకోలేని చోట కేంద్రం ఉండాలని కేంద్ర ఎన్నికల సంఘం ఏనాడో చెప్పింది. పెద్ద బడికి గదులెక్కువ, ప్రహరీ ఉంది అన్న కారణంతో అన్ని వార్డులనూ ఒక్కచోటికే చేర్చినప్పుడు ఆ మాట మరుగున పడుతోంది.

దూరం తీసుకునే ఓటు

కేంద్రాలను కలిపేస్తే ఓటు ఎంత తగ్గుతుందో అమెరికాలోనే తేలింది. 2003లో లాస్ ఏంజలెస్ కౌంటీ ఖర్చు తగ్గించుకోవడానికి పోలింగ్ ప్రాంతాలను 5,231 నుంచి 1,885కు కుదించింది. తపాలా ఓట్లు కొంత పెరిగినా, కేంద్రం మారినచోట మొత్తం పోలింగ్ దాదాపు రెండు శాతం పడిపోయిందని పరిశోధకులు లెక్కగట్టారు. తారు రోడ్లు, కార్లు, తపాలా ఓటు ఉన్నచోట సంగతది. కొండ దిగి రావాల్సిన గూడెంలో పోస్టల్ ఓటు లేదు, బస్సు లేదు. డోలీ మోతల వార్తలు ఇప్పటికీ వస్తున్న కొండలివి. నిండు గర్భిణిని ఆసుపత్రికి తేవడానికే దారి లేనిచోట ముసలివాళ్లు ఓటు కోసం దిగి వస్తారా? వస్తున్నారు కూడా. అభ్యర్థి ఆటో పెడతాడు, కింద భోజనం పెడతాడు. అక్కడితో ఆ ఓటు ఎవరిదో తేలిపోతుంది. ఓటరును కేంద్రానికి చేర్చే పని ప్రభుత్వం చేయకపోతే ఆ ఖాళీని అభ్యర్థి నింపుతాడు, దాని ధర వసూలు చేసుకుంటాడు.

గూడెంలో బడి ఉంటే అది పోలింగ్ గది కూడా. పిల్లలు తక్కువని తరగతులను కింది ఊరికి మార్చినప్పుడు చదువుతో పాటు ఓటుకూ దూరం పెరుగుతుంది. మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూళ్లకు తరలించిన 2022 నాటి జీవో 117 మీద జరిగిన చర్చలో ఈ కోణం దాదాపు రానేలేదు. పాత బడి ఖాళీ అయితే కొన్నాళ్లకు పైకప్పు కారుతుంది, తలుపు ఊడుతుంది. తర్వాతి ఎన్నికకు ‘భవనం యోగ్యం కాదు’ అని రాసి కేంద్రాన్ని కిందికి దించేస్తారు.

పోలింగ్ కేంద్రం ప్రభుత్వం ఉనికికే గుర్తని చెప్పే ఉదాహరణ మన సరిహద్దుల్లోనే ఉంది. సాలూరు పైన కొటియా గ్రామాలు తమవంటే తమవని ఆంధ్ర, ఒడిశా దశాబ్దాలుగా వాదులాడుకుంటున్నాయి. 2021 ఫిబ్రవరి 13న అక్కడి మూడు పంచాయతీల్లో ఎన్నికలు జరపడానికి ఆంధ్రప్రదేశ్ సిద్ధపడితే, కోర్టు ధిక్కారమంటూ ఒడిశా సుప్రీంకోర్టుకెక్కింది. కొండ మీద బ్యాలెట్ పెట్టె పెట్టడమంటే ఆ నేల మాదని చెప్పడమేనని రెండు ప్రభుత్వాలకూ తెలుసు. తగాదా లేని కొండల మీద కూడా అంత పట్టుదల చూపిస్తే బాగుంటుంది. గిర్ అడవిలో ఒక్క ఓటరు కోసం కేంద్ర ఎన్నికల సంఘం పోలింగ్ కేంద్రం పెడుతుంది. స్థానిక ఎన్నికలో నలభై యాభైమంది ఉన్న గూడేనికి పెట్టలేమనడం కుదరదు.

ఇక్కడ ఒక చిక్కుంది. కేంద్రం చిన్నదైన కొద్దీ రహస్యం పలచబడుతుంది. నలభై ఓట్లను విడిగా లెక్కిస్తే ఆ గూడెం ఎటు వేసిందో అందరికీ తెలిసిపోతుంది. మర్నాటి నుంచి ఇళ్ల పట్టాలో, ఉపాధి పనో అడగడానికి వెళ్లినవాళ్లకు ఆ లెక్క గుర్తుచేస్తారు. దీనికి విరుగుడు ఉంది: పెట్టె గూడెంలో పెట్టాలి, కాగితాలను మాత్రం అదే వార్డులోని, సర్పంచ్ విషయంలో మొత్తం పంచాయతీలోని కాగితాలతో కలిపేశాకే లెక్కించాలి. మనుషులను దించడం కన్నా పెట్టెను దించడం తేలిక.

బడి చెల్లించే ధర

బడి వాడుకోవడం ఉచితమని అధికారులు అనుకుంటారు. దాని ఖర్చు పిల్లల ఖాతాలో పడుతుంది. 2021లో కోవిడ్ విరామం తర్వాత ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలు ఫిబ్రవరి 1న బడికి తిరిగొచ్చారు. ఎనిమిది రోజులకే మొదటి విడత పోలింగ్. మార్చిలో మున్సిపల్ ఎన్నికలు, ఏప్రిల్ 8న ఎంపీటీసీ, జెడ్పీటీసీ పోలింగ్. ఒక్కో ఎన్నికకు పోలింగ్ రోజుతో పాటు ముందురోజూ పోతుంది, శిక్షణల పేరుతో టీచర్లు దూరమయ్యే రోజులు వేరు. ఉపాధ్యాయులను చదువేతర పనులకు పెట్టకూడదన్న 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 27, స్థానిక సంస్థల ఎన్నికలకు మినహాయింపు ఇచ్చింది. ఎన్నికల పనిని వీలైనంతవరకు సెలవు దినాల్లో, బోధన లేని వేళల్లో పెట్టుకోవాలని 2007లో సెయింట్ మేరీస్ స్కూల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎన్నికల తేదీలు ఖరారు చేసేటప్పుడు ఈ తీర్పును ఎవరు తలుచుకుంటున్నారు?

పంచాయతీ ఎన్నికలో బడి భారం పోలింగ్‌తో తీరదు. 2021లో మధ్యాహ్నం మూడున్నరకు ఓటింగ్ ముగిసింది, నాలుగింటికి అక్కడే లెక్కింపు మొదలైంది. తెలంగాణలో 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో జరిగిన ఎన్నికల్లోనూ ఒంటిగంటకు పోలింగ్ ఆపి, రెండింటికి లెక్కింపు మొదలుపెట్టారు. పెట్టె కదలదు కాబట్టి మార్పిడి జరిగిందన్న అనుమానానికి తావుండదు. ఈ పద్ధతిలో అది పెద్ద మేలు. కానీ పగలు నిశ్శబ్దంగా ఉన్న బడి రాత్రికి కోటలా మారుతుంది. గేటు బయట రెండు వర్గాలు, లోపల రీకౌంటింగ్ అడిగే ఏజెంట్లు, మధ్యలో లెక్కింపు జరిపే స్టేజ్-2 రిటర్నింగ్ అధికారి. లెక్కింపు వేళ కరెంటు పోయిందన్న ఆరోపణలు 2021లో చాలాచోట్ల వినిపించాయి. పగటి తరగతుల కోసం కట్టిన గదికి రాత్రి లెక్కింపు పని అప్పగించినప్పుడు జనరేటర్, నిఘా కెమెరా, ఎత్తయిన ప్రహరీ ముందే చూసుకోవాలి. ఫలితం వచ్చాక విరిగిన బల్లలకు, ఊడిన స్విచ్‌బోర్డులకు ఎవరూ బిల్లు కట్టరు.

బయటి దేశాల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. బ్రిటన్‌లో ప్రభుత్వ నిధులతో నడిచే బడి గదిని ఎన్నికల అధికారి అద్దె లేకుండా వాడుకోవచ్చు. అయితే వెలుతురుకు, వేడికి అయిన ఖర్చు, జరిగిన నష్టం చెల్లించి తీరాలి. బడి లేనిచోట పబ్బుల్లో, కారవాన్లలో కూడా ఓటింగ్ పెడతారు. ఆస్ట్రేలియాలో పోలింగ్ రోజున బడి ఆవరణలో తల్లిదండ్రుల సంఘాలు సాసేజ్‌లు కాల్చి అమ్మి బడికి నిధులు కూడబెడతాయి. అక్కడ ఎన్నిక వల్ల బడికి నాలుగు డబ్బులొస్తాయి, ఇక్కడ నాలుగు బల్లలు పోతాయి.

మన దగ్గరా ఎన్నిక వల్ల బడి బాగుపడ్డ సందర్భాలు లేకపోలేదు. ర్యాంపు, తాగునీరు, మరుగుదొడ్డి, లైటు ఉండాలన్న ఎన్నికల సంఘం షరతు వల్ల ఎన్నో బడులకు ర్యాంపులొచ్చాయి. 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు పథకం తొలి విడతలో 15,715 బడులకు మరుగుదొడ్లు, నీరు, ఫ్యాన్లు, లైట్లు, ప్రహరీలు అందించే పని పెట్టుకున్నారు. పిల్లలకు కావలసిందీ ఓటరుకు కావలసిందీ ఒకటే అని ఆ జాబితా చూస్తే తెలుస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 11, పోలింగ్ కేంద్రాలన్నీ వికలాంగులు చేరుకోగలిగేలా ఉండాలని కేంద్ర ఎన్నికల సంఘంతో పాటు రాష్ట్ర సంఘాలనూ ఆదేశించింది. కాబట్టి పంచాయతీ ఎన్నికకు ర్యాంపు లేని వరండా చాలన్న మాట చట్టం ముందు నిలవదు.

ఏం చేయాలి?

ఇంతా చూశాక బడికి ప్రత్యామ్నాయం ఉందా అంటే, లేదు. ఫంక్షన్ హాలుకు యజమాని ఉంటాడు, గుడికి మతం ఉంటుంది, పంచాయతీ ఆఫీసుకు సర్పంచ్ ఉంటాడు. బడికున్న లోపాలు సరిచేయదగ్గవి. మిగతావాటి లోపం వాటి యాజమాన్యంలోనే ఉంది. సరిచేయాల్సింది ఎంపిక పద్ధతిని. ముసాయిదా జాబితాను మండల ఆఫీసు గోడకు అంటించి, పార్టీల ప్రతినిధులతో ఒక సమావేశం జరిపి, కలెక్టర్ ఆమోదానికి పంపడంతో ఇప్పుడు తతంగం ముగుస్తోంది. పార్టీలకు గుర్తులే లేని సర్పంచ్ ఎన్నికలో ఊరి గది గురించి పార్టీలనే అడిగితే ఎలా? ఆ జాబితాను గ్రామసభలో చదవాలి. ప్రతి వార్డుకూ, ప్రతి శివారు గూడేనికీ గది ఎంత దూరమో పక్కన రాయాలి. కిందటి ఎన్నికలో ఎక్కడుండేది, ఇప్పుడెందుకు మార్చారో చెప్పాలి. బడిని అప్పగించేటప్పుడూ తిరిగి తీసుకునేటప్పుడూ హెడ్‌మాస్టరు సంతకంతో వస్తువుల లెక్క ఉండాలి, నష్టానికి ఎన్నికల పద్దు నుంచే డబ్బు రావాలి.

2021 ఏప్రిల్‌లో బాధ్యతలు తీసుకున్న పంచాయతీ పాలకవర్గాలకు రాజ్యాంగం ఇచ్చిన అయిదేళ్ల గడువు 2026 ఏప్రిల్ వరకే. తర్వాతి ఎన్నికకు రావికమతం ఎంపీడీవో ఆఫీసులోనూ ఒక జాబితా అంటిస్తారు. అందులో గూడేల ఎదురుగా ఏ ఊరి బడి పేరుందో, అక్కడికి ఎన్ని కిలోమీటర్లో చూసి, అభ్యంతరం ఉంటే గడువులోగా రాసివ్వడం ఓటరు చేయగల పని. పోలింగ్ రోజున బారులో నిలబడి తిట్టుకుంటే గది మారదు.